రాళ్ల పొరలును తొమ్మిదవ ఆజ్ఞయు



మన కూటములలో తరచుగా వినబడు మాట యొకటి కలదు. "రాతి వయస్సును శిలాజమునుబట్టి చెప్పుదురు, శిలాజము వయస్సును రాతినిబట్టి చెప్పుదురు, వారి శాస్త్రమంతయు గానుగెద్దు నడక" అని బోధకుడు చెప్పగా సంఘము నవ్వును. నేనును అట్లు నవ్వించినవాడనే. అది నిజము కాదు.

శిలాజమనగా పూర్వపు ప్రాణి గుల్లయో, ఎముకయో, ఆకుముద్రయో రాతిలో నిలిచినది. ఇంగ్లాండులో విలియం స్మిత్ అను సర్వేయరు బాత్ పట్టణము దగ్గర బొగ్గు రవాణా కాలువ పని చూచుచు ఒక సంగతి కనిపెట్టెను. చూపునకు ఒక్కటే యనిపించు పొరలలో సయితము గుల్లలు వేరు. ఎక్కడ త్రవ్వినను ఆ గుల్లల వరుస మాత్రము ఒక్కటే. 1799లో అతడు చెప్పగా ఆ పొరల పట్టికను టౌన్‌సెండ్ గారి యింట రిచర్డ్‌సన్ గారు వ్రాసికొనిరి. ఇద్దరును పాదిరిగార్లే! డార్విన్ గ్రంథము వచ్చినది 1859లో. మరి పరిణామవాదమును నిలుపుటకే ఈ వరుసను కల్పించిరని ఏ నోటితో చెప్పుదుము?

గడ్డివామిలో అడుగు మోపు ముందు వేసినదని చెప్పుటకు శిలాజ మక్కరలేదు. పొరలును అంతే. ఒక్కొక్క ప్రాణి ఒక పొరలో కనబడి, పై పొరలలో నొకచోట కనబడక పోవును. అట్టి అనేక ప్రాణులు కలిసియున్న భాగమునుబట్టి ఈ దేశపు పొరను ఆ దేశపు పొరతో జతపరచుదురు. సంవత్సరముల లెక్క తరువాత వచ్చినది. అదియు గుల్లలనుండి కాదు, ఆ పొరల నడుమనున్న అగ్నిపర్వతపు బూడిదలో యురేనియము సీసముగా మారిన కొలతనుండి. ఇందులో గానుగ యెక్కడ?

భూమి వయస్సును గూర్చి కొందరు నాతో ఏకీభవింపరు. ఆ చర్చ వేరు.

"సీలకాంత్ చేప మాటయేమి?" అందురు. ఆరున్నర కోట్ల యేండ్ల క్రిందటనే ఆ వంశము నశించెనని తలంచిరి. 1938లో దక్షిణాఫ్రికా తీరమున సజీవముగా వలలో పడెను. ఇది న్యాయమైన ప్రశ్నయే. ఇంతవరకు దొరికిన దానినిబట్టియే ఒక ప్రాణి హద్దు తెలియును. అందుచేతనే వారు ఒక్క చేపను నమ్ముకొనక, అమ్మోనైట్ల వంటి చుట్టగుల్లలను, అనగా విస్తారముగా వ్యాపించి కొద్దికాలములోనే మారిపోయిన వాటిని, పెక్కింటిని కలిపి చూచుదురు.

తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిని గూర్చినది. భూగర్భశాస్త్రజ్ఞుడు పొరుగువాడు కాడా?

మా సంఘపు యువకుడొకడు కాలేజీనుండి సెలవులకు వచ్చి నన్నడిగెను: "అయ్యగారూ, మీరు రాళ్లను గూర్చి చెప్పినది పుస్తకములలో వెదకితిని, వారట్లు చేయరు. పునరుత్థానమును గూర్చి మీరు చెప్పినది నేనెక్కడ వెదకవలెను?"

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరుసటి ఆదివారము ప్రసంగపీఠము మీదనుండియే ఆ మాటను వెనుకకు తీసికొంటిని. ఆ దినమున ఎవరును నవ్వలేదు.