బొగ్గుకు బాట ఉంది, బడికి బస్సు లేదు

మందమర్రి చుట్టుపక్కల బొగ్గు రవాణా ఒక్క పూట ఆగితే అధికారులు ఉరుకులు పరుగులు పెడతారు. బడి పిల్లలకు బస్సు రాకపోతే మాత్రం అడిగే నాథుడు లేడు. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పదిమంది పిల్లలు కిక్కిరిసి, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద బడికి పోతున్నారు. ఆటో లేని ఊళ్ల రైతు పత్తి ఏరే పని వదిలి బండి మీద దింపి రావాలి. పదో తరగతి స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఆ భయానికే ఆడపిల్ల చదువు ఆపుతున్న ఇళ్లు ఉన్నాయి.

ఎక్కువ మందిని ఎక్కించాడని ఆటోవాలాకు జరిమానా వేస్తారు. వేయండి, కాదనం. కానీ మరునాడు ఆ పిల్లలు ఎట్లా పోవాలో కూడా చెప్పండి.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా పిల్లలు చనిపోయారు. 2019 నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లన్నీ తీసేశారు. అంటే తలుచుకుంటే అవుతుంది. ప్రతిదానికీ ముందు పిల్లల ప్రాణాలు పోవాల్నా?

2021లో రంగారెడ్డి జిల్లా చీదేడు గ్రామంలో ఎనిమిదో తరగతి అమ్మాయి తన ఊరికి బస్సు కావాలని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణకు ఉత్తరం రాసింది. ఆ తర్వాతే ఆర్టీసీ బస్సు మళ్లీ వచ్చింది. ఊరికో బస్సు కోసం పిల్లలు సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి రావడం పాలకులకు సిగ్గుచేటు.

2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్టు లేదు. మంచిదే. బస్సే రాని ఊరికి ఉచిత ప్రయాణం ఎందుకు పనికొస్తుంది? రవాణా భత్యం పేరుతో సమగ్ర శిక్ష ఏడాదికి పిల్లకు 6,000 రూపాయల దాకా ఇవ్వొచ్చు. చేతిలో డబ్బు పెడితే రోడ్డు మీదికి బస్సు రాదు.

నష్టాలొస్తున్నాయని ఆర్టీసీ అంటుంది. డబ్బు ఎక్కడుందో మేం చెబుతాం. గనుల ప్రభావిత గ్రామాల కోసం జిల్లా ఖనిజ నిధి ఉంది. 2015కు ముందు లీజు తీసుకున్న గనులు రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము దానికి కట్టాలి. ఆ నిధిని ఖర్చు చేసే కేంద్ర మార్గదర్శకాల్లో చదువు ముఖ్య రంగం. బస్సులు, వ్యాన్లు, సైకిళ్ల వంటి రవాణా ఏర్పాట్లకు ఖర్చు పెట్టొచ్చని అందులోనే రాసి ఉంది. దుమ్ము మింగేది మన ఊళ్లు, పగుళ్లిచ్చేది మన ఇళ్లు. ఆ సొమ్ములో మన పిల్లలకు వాటా అడగడం బిచ్చం కాదు, హక్కు.

మా డిమాండ్లు ఇవి:

1. మంచిర్యాల జిల్లాలో గనుల ప్రభావిత గ్రామాలకు ఖనిజ నిధితో బడి వేళలకు బస్సులు నడపాలి.

2. బస్సు తిరగని ఊళ్ల జాబితాను, నిధి లెక్కలను కలెక్టర్ బహిరంగంగా పెట్టాలి.

3. బడికి పోయే, వచ్చే వేళల్లో ఊళ్ల మీదుగా టిప్పర్లను ఆపాలి.

4. తొమ్మిది, పది తరగతుల పిల్లలను వదిలేయొద్దు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది, హైస్కూలేమో అన్నిటికంటే దూరంగా ఉంటుంది.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! గ్రామసభలో తీర్మానం చేయించండి. ఎంతమంది పిల్లలు ఎంత దూరం పోతున్నారో మీరే లెక్క రాయండి. ఆ కాగితాలతో సోమవారం ప్రజావాణికి కలిసి పోదాం. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కినోళ్లం, బిడ్డల బస్సు కోసం ఎక్కలేమా?