ఇంటి బీరుకు లేబుల్ ఎవరు రాస్తారు?

ఆవకాయైనా, సున్నుండలైనా ‘ఇంట్లో చేసింది’ అన్న ఒక్క మాటతో మనకు సగం భయం తీరిపోతుంది. బజారు సరుకులో ఏం కలిపారో ఏమో కానీ, ఇంట్లో ఏం వేశామో మనకు తెలుసు కదా అన్న ధీమా అది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఇంటి వాడకానికి బీరు చేసుకోవడం చట్టబద్ధమే. కిట్లు దుకాణాల్లోనే దొరుకుతాయి. అక్కడున్న మీ అబ్బాయో, అల్లుడో సరదాగా ఒక బకెట్ పెట్టి ఉండొచ్చు. చూడడానికి వెళ్లిన మీకు ‘ఇది బజారుది కాదు మావయ్యా, కెమికల్స్ ఏమీ లేవు, బార్లీ, తేనె, అల్లం అంతే’ అంటూ గ్లాసు అందించనూ వచ్చు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ముఖ్యమైన సంగతి ఒకటి అందులో లేదు. ఆ గ్లాసులో ఆల్కహాల్ ఎంత?

కిట్ అంటే పెద్ద విద్యేమీ కాదు. మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకం ఒక డబ్బాలో వస్తుంది. చేదు కోసం హాప్స్ అనే పువ్వుల సారం అందులో ముందే కలిపి ఉంటుంది. డబ్బాతో పాటు ఈస్ట్ పొట్లం ఇస్తారు. బాగా వాడుకలో ఉన్న 1.7 కిలోల డబ్బాకు సుమారు కిలో పంచదార చేర్చి, 23 లీటర్లు అయ్యేలా నీళ్లు పోసి, ఈస్ట్ చల్లి మూత పెడతారు. ఇడ్లీ పిండి పులిసినట్టే ఇదీ పులుస్తుంది. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. చెప్పినట్టు చేస్తే సాధారణంగా 4 నుంచి 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు తయారవుతుంది.

రెండు మూడు సార్లు చేశాక ఎవరికైనా చెయ్యి తిరుగుతుంది. ‘మన రుచి’ చేర్చాలనిపిస్తుంది. ఇక్కడే తేడా గమనించాలి. ధనియాలు, నారింజ తొక్క వేస్తే మారేది వాసన, రుచి మాత్రమే. బెల్జియంలో గోధుమ బీరుకు ఆ రెండూ వేయడం పాత అలవాటే. అల్లం, యాలకులదీ అదే దారి. కానీ బెల్లం, తేనె, మామిడి గుజ్జు, ఇంకో డబ్బా మాల్ట్ పాకం అలా కాదు. అవి ఈస్ట్‌కు అదనపు మేత. 23 లీటర్లలో అదనంగా ఒక కిలో పంచదార పడితే ఆల్కహాల్ సుమారు 2 శాతం పెరుగుతుంది. తేనె, బెల్లంతో అంతకంటే కాస్త తక్కువ. తీపి ఈస్ట్ తినేస్తుంది కాబట్టి నాలుకకు ఆ తేడా పెద్దగా తెలియదు. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఘాటెక్కిందని వాసనే చెబుతుంది. ఇక్కడ చెప్పేవారు లేరు.

లెక్క చూడండి. 5 శాతం బీరు అర లీటరు తాగితే ఒంట్లోకి వెళ్లేది సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. అదే 7 శాతమైతే 28 గ్రాములు. రెండు సీసాలకు 40కి బదులు 55. ‘రెండే తాగాను’ అనుకున్న మనిషి నిజానికి దాదాపు మూడు తాగినట్టు. డ్రైవింగ్‌కు రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఆస్ట్రేలియాలో 0.05 శాతం, అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08 శాతం. సీసాలు లెక్కపెట్టుకుని స్టీరింగ్ పట్టేవారు ఇక్కడే బోల్తా పడతారు.

దుకాణంలో కొన్న సీసా మీద ఎంత శాతమో రాసి ఉంటుంది. మన దేశంలో అయితే హెచ్చరిక కూడా ఉంటుంది. ఇంటి సీసా మీద ఏమీ ఉండదు. కిట్ పెట్టె మీద అచ్చేసిన అంకె ఉంది కదా అంటారా? మీరు బెల్లం వేసిన మరుక్షణం నుంచి ఆ అంకె మీ బీరుది కాదు. అసలు అంకె కావాలంటే హైడ్రోమీటర్ అనే చిన్న గాజు పరికరం చాలు. పులియక ముందు 1.050, పులిశాక 1.010 చూపిందనుకోండి. తేడా 0.040. దాన్ని 131తో గుణిస్తే సుమారు 5.2 శాతం. మధ్యలో బెల్లమో పండ్ల గుజ్జో వేస్తే మొదటి రీడింగ్ ఒక్కటే పనికిరాదు, ఆ తీపిని కూడా లెక్కలో కలపాలి. వచ్చిన అంకెను, తేదీని ప్రతి సీసా మీద రాసి అంటించాలి. రాయని సీసాను అతిథికి ఇవ్వకూడదు.

అదే పరికరం మరో ప్రమాదాన్నీ ఆపుతుంది. పులియడం పూర్తికాకుండా సీసాల్లో పోసి బిగిస్తే లోపల గ్యాస్ పెరిగి గాజు పేలుతుంది. రెండు మూడు రోజుల పాటు రీడింగ్ మారకుండా ఉంటేనే సీసాల్లో నింపాలి. నురగ కోసం ఆ తర్వాత వేసే పంచదార లీటరుకు 6 నుంచి 8 గ్రాములు చాలు. పిల్లలు తిరిగే చోట సీసాలు ఉంచవద్దు. ఇంట్లో కుక్క ఉంటే వాడేసిన హాప్స్ దానికి అందనివ్వకండి. అవి కుక్కలకు విషం.

భయాల్లోనూ నిజం మాట్లాడుకుందాం. కల్తీ సారా మరణాలకు కారణమైన మిథనాల్ ముప్పు బార్లీ కిట్ బీరులో లేదు. అక్కడ ప్రాణాలు తీసేది సాధారణంగా బయటి నుంచి కలిపిన పారిశ్రామిక మిథనాల్. అంతమాత్రాన ఇంటి బీరు ఆరోగ్య పానీయం అయిపోదు. ‘బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి’ అనే మాట మన ఇళ్లలో పాతుకుపోయింది. మూత్రం ఎక్కువ వస్తుంది తప్ప రాయి కరగదు. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, గౌట్ ఉన్నవారికి నొప్పి తిరగబెడుతుంది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ లేదని 2023 జనవరిలో ఆ సంస్థ మళ్లీ చెప్పింది. తేనె వేసినా, అల్లం వేసినా ఆల్కహాల్ ఆల్కహాలే.

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది మందులు వాడే పెద్దవాళ్లు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవారిలో మద్యం షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు. కాలేయం ఆల్కహాల్ పనిలో పడి గ్లూకోజ్ విడుదల తగ్గిస్తుంది. చెమటలు, తూలడం, తడబడే మాట చూసి ‘మత్తెక్కింది, పడుకోనివ్వండి’ అనుకుంటారు. అది షుగర్ పడిపోవడం కావచ్చు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. నిద్రమాత్రలు వేసుకునేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు బీరు జోలికే వెళ్లకూడదు. వద్దన్నవారిని ‘ఇంట్లో చేసిందే కదా’ అని బలవంతపెట్టకండి.

ఇంకో మాట. తిరిగి వస్తూ సూట్‌కేసులో కిట్ తెచ్చుకునే ఆలోచన మానుకోండి. మన దగ్గర మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. అక్కడ హాబీ, ఇక్కడ ఎక్సైజ్ కేసు.

తాగని ఇంట్లో కొత్తగా ఈ సరదా మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. ఇప్పటికే చేస్తున్న పిల్లలకు వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు తిట్టకండి, ఒక్క ప్రశ్న వేయండి. ‘ఈసారి ఎంత శాతం వచ్చింది?’ జవాబు తెలియకపోతే, ఆ గ్లాసు ఎవరికీ పోయవద్దని చెప్పండి.