పహ్రా కాసినోడికే నా ఓటు

2009 సీజన్‌లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో అందరికన్నా గొప్ప డిఫెన్స్ ఆటగాడు ఎవరు? ఈ సవాల్ మీద మా ఖాందాన్‌లో ఇప్పటికీ బహస్ ఆగలేదు. డల్లాస్‌లో ఉండే మా భాంజా ఓటు టెక్సాస్ ఎ అండ్ ఎమ్ ఆటగాడు వాన్ మిల్లర్‌కి. ఆస్టిన్‌లో చదివిన వాడి దోస్త్ ఓటు టెక్సాస్ యూనివర్సిటీ ఎర్ల్ థామస్‌కి. నా ఓటు నెబ్రాస్కా కుర్రాడు ఎన్‌డామకెన్ సూకి.

"ఎప్పటిదో ఆట, ఎక్కడిదో మైదానం, మనకెందుకు భాయ్" అని మీరు అడగొచ్చు. జవాబుంది. మన ఖాందాన్‌ల పిల్లలు ఎందరో ఆ టెక్సాస్ యూనివర్సిటీల్లోనే చదువుతున్నారు, ఆ ఆటే చూస్తున్నారు. అదీగాక ఈ బహస్ పైకి ఆట గురించే అయినా, లోపల ఉన్న సవాల్ వేరే. కష్టాన్ని దేంతో కొలవాలి? కాగితం మీద అంకె పడినోడిదేనా మెహనత్?

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో వైపు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. ఆ హమ్లా నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతి విసిరేలోపే అతణ్ని గీత వెనకాలే పడగొడితే దాన్ని శాక్ అంటారు. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం రాసుకుంటారు. అతను విసిరిన బంతిని ఎదుటి జట్టువాడు గాల్లోనే పట్టేసుకుంటే అది ఇంటర్‌సెప్షన్. ఉర్దూ మీడియంలో చదివిన నాకు డిఫెన్స్ అనగానే 'దిఫా' అన్న లఫ్జే ముందు గుర్తొస్తుంది. దిఫా అంటే ఎదురుదెబ్బ కొట్టడం ఒక్కటే కాదు, దెబ్బ పడకుండా చూడటం కూడా. మన బహస్ అంతా ఈ రెండో మాట దగ్గరే ఉంది.

ముందు హిసాబ్ చూద్దాం. ఆ సీజన్‌లో మిల్లర్ 17 శాక్‌లు చేశాడు. దేశం మొత్తం మీద అదే అందరికన్నా ఎక్కువ. థామస్ 8 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు, వాటిలో 2 నేరుగా టచ్‌డౌన్ దాకా తీసుకెళ్లాడు. సూ 12 శాక్‌లు, 85 టాకిల్స్ చేశాడు. శాక్‌లే చూస్తే మిల్లర్ గెలిచాడు, ఇంటర్‌సెప్షన్లే చూస్తే థామస్ గెలిచాడు. మా భాంజా దలీల్ ఇదే. "మామూ, 12 కంటే 17 పెద్దది కదా!"

పెద్దదే. కానీ ఎవరు ఎక్కడ నిలబడి చేశారన్నది కూడా చూడాలి. మిల్లర్ గీత చివర నుంచి, అంటే పక్క నుంచి దూసుకొచ్చే ఆటగాడు. అక్కడ పరుగెత్తడానికి చోటుంటుంది. థామస్ అందరి వెనకాల, ఖాళీ మైదానంలో నిలబడే సేఫ్టీ. బంతి గాల్లోకి లేస్తే అతనికి మౌకా దొరుకుతుంది. సూ డిఫెన్సివ్ టాకిల్. అంటే సరిగ్గా నడిమధ్యలో, ఒక్కొక్కరు 130 కిలోలకు పైనే ఉండే మనుషుల ఎదురుగా చెయ్యి నేలకానించి కూర్చునేవాడు. ఆ చోట ఉన్నవాడి డ్యూటీ సాధారణంగా అడ్డం పడటమే. దారి మూసేస్తే చాలు, పట్టుకునే పని వెనకాల ఉన్నవాళ్లది. అలాంటి చోట ఉండి సూ 2008, 2009 రెండేళ్లూ టాకిల్స్‌లో తన జట్టులో అందరికన్నా ముందున్నాడు. వాచ్‌మన్ గేటు వదలకుండానే బస్తీ అంతా దొంగల్ని పట్టినట్టుంది ఆ లెక్క.

ఎదుటి జట్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే అతని మీదికి తరచూ ఇద్దర్ని పంపేవి. ఒకడి మీద ఇద్దరు పడితే ఇంకెక్కడో ఒకడు ఖాళీ అవుతాడు. సూ పక్కనే ఆడిన జేర్డ్ క్రిక్ ఆ సీజన్‌లో బేలర్ మీద ఒకే మ్యాచ్‌లో 5 శాక్‌లు చేశాడు. క్రిక్ మెహనత్‌ని నేను తక్కువ చెయ్యను, అతనిది కమాలే. కానీ ఆ అయిదింటి పక్కన సూ పేరు రాయడానికి స్కోర్‌బుక్‌లో ఖానా లేదు. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక ఎండ్ నుంచి పరుగులు రానివ్వకుండా కట్టేసేవాడు ఒకడైతే, ఇంకో ఎండ్‌లో వికెట్లు తీసుకునేది ఇంకొకడు. 1964లో మద్రాస్ టెస్టులో ఇంగ్లండ్ మీద బాపూ నాద్‌కర్ణి 32 ఓవర్లు వేసి 5 పరుగులిచ్చాడు. వికెట్ల ఖానాలో మాత్రం సున్నా. ఆ సున్నా చూసి అతను ఏమీ చెయ్యలేదంటామా?

జట్టు లెక్క కూడా చూడండి. ఆ సీజన్‌లో నెబ్రాస్కా మ్యాచ్‌కు సగటున 10 పాయింట్ల చిల్లర మాత్రమే ఇచ్చింది. మిల్లర్ జట్టు 6 గెలిచి 7 ఓడింది. జట్టు ఓడితే ఆటగాడు చిన్నవాడైపోడు, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కానీ డిఫెన్స్ ఆటగాడికి ఓటేసేటప్పుడు, అతను నిలబడ్డాక ఎదుటివాడి చేతికి ఏం చిక్కిందని అడగడం మన హక్కు.

ఇక 2009 డిసెంబర్ 5. డల్లాస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో కొత్తగా కట్టిన కౌబాయ్స్ స్టేడియం. కాన్ఫరెన్స్ ఫైనల్. అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడని టెక్సాస్ ఒక వైపు, నెబ్రాస్కా ఇంకో వైపు. ఆ రాత్రి సూ 12 టాకిల్స్, 4.5 శాక్‌లు చేశాడు. టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ మొత్తం 9 సార్లు నేల కరిచాడంటే అందులో సగం సూ ఖాతాలోదే. నెబ్రాస్కా హమ్లా మాత్రం పూర్తిగా బేకార్. ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు, 4 ఫీల్డ్ గోల్స్‌తో 12 పాయింట్లు వచ్చాయంతే. అయినా ఆఖరి క్షణాల దాకా 12-10తో వాళ్లే ముందున్నారు. మెకాయ్ బంతిని బయటికి విసిరేసరికి గడియారం సున్నా చూపించింది. నెబ్రాస్కా వాళ్లు జష్న్ మొదలుపెట్టారు. అంపైర్లు వీడియో చూసి 1 సెకను వెనక్కి ఇచ్చారు. ఆ ఒక్క సెకనులో హంటర్ లారెన్స్ 46 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. టెక్సాస్ 13, నెబ్రాస్కా 12. రికార్డులో సూ ఓడిపోయిన జట్టువాడు. కానీ ఆ రాత్రి టెక్సాస్‌ని ఓటమి అంచుదాకా నెట్టింది ఎవరంటే ఆస్టిన్ వాళ్లు కూడా సూ పేరే చెబుతారు.

ఇప్పుడు ఎదుటి దలీల్‌కి రావాలి. అది కమ్జోర్ దలీల్ కాదు. తర్వాతి జిందగీలో మిల్లర్ ఎక్కడికో వెళ్లాడు. 2016 ఫిబ్రవరిలో జరిగిన 50వ సూపర్ బౌల్‌లో అతనే మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్. సూ మాత్రం 2011 థ్యాంక్స్‌గివింగ్ నాడు కిందపడ్డ ఆటగాణ్ని తొక్కి 2 మ్యాచ్‌ల సస్పెన్షన్ తెచ్చుకున్నాడు. దాన్ని నేను సమర్థించను, ఆటకు కూడా ఒక తమీజ్ ఉంటుంది. కానీ ఓటు 2009 సీజన్‌కు. ఇంటర్ ఫస్ట్ ర్యాంకు ఎవరిదని అడిగితే, పదేళ్ల తర్వాత ఎవరికి పెద్ద ఉద్యోగం వచ్చిందో చూసి చెప్పం కదా.

నాకు బాధ కలిగించేది కాన్ఫరెన్స్ అవార్డు కాదు. కోచ్‌లు ఆ ఏడాది డిఫెన్స్ అవార్డుకు సూనే ఎన్నుకున్నారు, అక్కడ ఇన్సాఫ్ జరిగింది. బాధంతా దేశం మొత్తానికి ఒక్కరికిచ్చే హైజ్మన్ ట్రోఫీ గురించి. 2009లో అది అలబామా రన్నింగ్ బ్యాక్ మార్క్ ఇంగ్రమ్‌కు పోయింది. రెండో చోట టోబీ గెర్‌హార్ట్. మూడో చోట, ఆ డిసెంబర్ రాత్రి సూ చేతిలో మళ్లీ మళ్లీ పడిన కోల్ట్ మెకాయే. సూ నాలుగో చోట. పడగొట్టినవాడి కంటే పడినవాడు పైన! 1935 నుంచి ఇస్తున్న ఆ ట్రోఫీ డిఫెన్స్ వైపు ఆటగాళ్లకు దక్కిందంటే 1997లో చార్లెస్ వుడ్సన్, 2024లో ట్రావిస్ హంటర్. వాళ్లిద్దరూ బంతి పట్టుకుని హమ్లా వైపు కూడా ఆడినవాళ్లే. అంటే పహ్రా కాసేవాడు ఎంత గొప్పగా కాసినా చాలదు, బంతి పట్టుకుని కెమెరా ముందు పరుగెత్తి కూడా చూపించాలన్న మాట. ఇది కొలిచే తరీఖాలో ఉన్న లోపం.

డబ్బు పెట్టేవాళ్లు మాత్రం వేరేలా కొలిచారు. 2010 ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు సూ రెండోవాడు. మెకాయ్ 85వవాడు. కాలేజీ ఆటకూ ప్రొఫెషనల్ ఆటకూ ఫరక్ ఉంది, అందుకే దీన్ని ఆఖరి ఫైసలా అనను. కానీ ఓటు వేసేవాడి జేబుకు నష్టం లేదు, జట్టు యజమాని జేబుకు ఉంది. జేబు ఖాళీ అయ్యే చోట పహ్రాదారు విలువ బాగా కనిపిస్తుంది. అన్నట్టు సూ చదివింది నెబ్రాస్కా ఇంజినీరింగ్ కాలేజీలో. అమ్మ జమైకా నుంచి వచ్చిన టీచర్, నాన్నది కామెరూన్. 2010లో అతను ఆ యూనివర్సిటీకి ప్రకటించిన 26 లక్షల డాలర్లలో 6 లక్షలు ఇంజినీరింగ్ విద్యార్థుల స్కాలర్‌షిప్‌కే.

నేను పత్రికలో పనిచేసేవాణ్ని. పత్రికలో వార్త పైన రిపోర్టర్ పేరు పడుతుంది. రాత్రి డెస్క్ మీద కూర్చుని తప్పు పేరు, తప్పు తారీఖు, ఒకరి ఇజ్జత్ తీసే తప్పు వాక్యం పట్టుకునేవాళ్ల పేరు ఎక్కడా పడదు. వాళ్లు పట్టుకున్న తప్పు అచ్చుకాదు కాబట్టి, వాళ్లు పనిచేసినట్టు ఎవరికీ తెలియదు. మన ఇళ్లలోనూ అంతే. చిన్నవాడు పట్టా పట్టుకున్న ఫొటో గోడ మీద వేలాడుతుంది. వాడి ఫీజు కోసం పదో తరగతితో చదువు ఆపి దుకాణంలో నిలబడ్డ పెద్దవాడి ఫొటో ఉండదు. మిషన్ కుట్టి హాస్టల్ ఖర్చు పంపిన ఆపా పేరు దావత్‌లో ఎవరూ తియ్యరు. చిన్నవాడి తారీఫ్‌లో కోత పెట్టమని నేననను. ఇంకో ఖానా గీసి వీళ్ల పేర్లు కూడా రాయమంటాను.

కాబట్టి మీ పిల్లలు ఈ ఆట చూస్తూ గొప్ప ఆటగాడెవరని బహస్ చేస్తుంటే ఆపకండి, మీరూ కూర్చోండి. అంకెలు చదవనివ్వండి, అంకెలు అబద్ధం కాదు. తర్వాత ఒక్క సవాల్ వెయ్యండి. బంతి పడ్డ చోటు కాకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి ఎవరి మీద పడుతున్నారో చూశావా బేటా? ఎదుటివాడు భయపడేది ఎవరికి? అది చూడటం నేర్చుకున్న పిల్లకి, పిల్లాడికి ఆట ఇంకా బాగా అర్థమవుతుంది. రేపు ఏ దఫ్తర్‌లోనో పదిమంది పని తూచాల్సి వచ్చినప్పుడు కూడా, కాగితం మీద పేరు లేనివాడి హక్కు మారిపోకుండా చూస్తారు.