పేర్లు పెట్టాం, నిలబెట్టలేదు

తెలుగులో కంప్యూటర్ వాడుకుందామని కూర్చున్న మనిషికి మేం చేసిన అన్యాయం చెప్పాలి. సహాయం పుటలో ‘అభీష్టాలు తెరవండి’ అని రాశాం. తెర మీద ఎంత వెతికినా అభీష్టాలు కనపడవు. అక్కడున్నది ‘ప్రాధాన్యతలు’. పక్క ప్రోగ్రాంలో అదే చోట ‘అమరికలు’, మరోదాంట్లో ‘అభిరుచులు’. ఇంగ్లీషులో ప్రిఫరెన్సెస్ అనే ఒక్క మాటకు మేం తలా ఒకటిగా పెట్టుకున్న పేర్లివి. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. కలిపి చూస్తే దారి చూపాల్సినవాళ్లమే దారి తప్పించాం. ఆ చదివే మనిషి తప్పు మాదని అనుకోలేదు. తనకే అర్థం కావడం లేదనుకుని, భాషను ఇంగ్లీషుకు మార్చుకుని వెళ్లిపోయాడు. అట్లా వెళ్లిపోయినవాళ్ల లెక్క మా దగ్గర లేదు. ఉండాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

మేం అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగు చేసినవాళ్లం. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, మీడియావికీ... వీటి మెనూలు, హెచ్చరికలు, సహాయ పుటలు తెలుగులో కనిపిస్తున్నాయంటే వెనుక మా చేతులున్నాయి. ఉద్యోగంగా చేసినవాళ్లు కొందరు. ఇష్టంతో, రాత్రిపూట, పైసా ఆశించకుండా చేసినవాళ్లే ఎక్కువ. తెలుగులో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ లాంటి సంస్థల వెంట ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు వందల మంది నడిచారు. శ్రమలో లోటు లేదు. అందుకే ఈ వైఫల్యానికి శ్రమ తక్కువైందన్న సాకు చెల్లదు.

అక్షరం విషయంలో మన వాళ్లు గెలిచారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన2000, వేమన2000 ఖతులను (ఫాంట్లను) అందరూ వాడుకునేలా ఇచ్చారు. పోతన పుట్టిన ఊరని మేం చెప్పుకునే బమ్మెర నిన్నమొన్నటి దాకా మా వరంగల్ జిల్లాదే, ఇప్పుడు జనగామలో ఉంది. ఆ పేరున్న ఖతిని ప్రపంచంలో ఏ మూలనున్న డెబియన్ లినక్స్ యంత్రంలోనైనా దింపుకోవచ్చు. వీవెన్ తయారుచేసిన లేఖిని అనే సాధనంతో వేలాది మంది తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. అక్షరాలు కుదిరాయి. మాటల దగ్గర మేం కూలబడ్డాం.

ఎట్లా కూలబడ్డామో లోపలి సంగతి చెబుతాను. చాలా ప్రోగ్రాములకు అనువదించాల్సిన వాక్యాలు పీవో ఫైళ్లలో ఉంటాయి. పైన ఇంగ్లీషు వరుస, కింద తెలుగు కోసం ఖాళీ వరుస. ఒక్కో ప్రోగ్రాంకు ఇట్లాంటివి వందలు, వేలు. ‘సేవ్’ అని ఒంటరిగా ఒక వరుస వస్తుంది. అది మీటో, మెనూనో, దేన్ని సేవ్ చేయాలో తెలియదు. ఒకరు ‘భద్రపరచు’ అన్నారు. ఒకరు ‘దాచు’ అన్నారు. దాచు మంచి తెలుగు, చిన్న మాట, మీట మీద చక్కగా ఇముడుతుంది. కాని నాలుగు వందల వరుసల తర్వాత ‘హైడ్’ వస్తుంది. దానికీ దాచు అనే వస్తుంది నోటికి. ఒకే తెరపై ఒక ‘దాచు’ పనిని నిలబెడుతుంది, ఇంకో ‘దాచు’ కంటికి కనపడకుండా చేస్తుంది. దిగుమతి కథా అంతే. డౌన్‌లోడ్‌కు దిగుమతి అన్నాం, ఇంపోర్ట్‌కూ దిగుమతి అన్నాం. రెండూ ఉన్న ప్రోగ్రాంలో చదివేవాళ్ల గతి ఏమిటని ఆలోచించలేదు.

ఇంగ్లీషు వాక్యంలో చిన్న మార్పు జరిగితే చాలు, పాత తెలుగు వాక్యం మీద ‘ఫజ్జీ’ అనే గుర్తు పడుతుంది. ఎవరో ఒకరు సరిచూసి ఆ గుర్తు తీసేదాకా ఆ తెలుగు తెర మీదికి రాదు, దాని స్థానంలో ఇంగ్లీషే కనిపిస్తుంది. అట్లా సరిచూసే పని ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్లకు అప్పగించాం. పాత మాటను ఎందుకు ఎంచుకున్నారో వాళ్లకు చెప్పలేదు. చెప్పడానికి ఎక్కడా రాసిపెట్టుకోలేదు కూడా. వాళ్లు తమకు తోచింది రాశారు. నిందించాల్సింది వాళ్లను కాదు.

మాటల తేడాతో ఆగిందా అంటే అదీ లేదు. ఒక మెనూలో ‘సహాయము’, దాని కింద తెరుచుకునే పుటలో ‘సహాయం’. ఒక మీట ‘తొలగించు’ అంటుంది, పక్క మీట ‘రద్దుచేయండి’ అంటుంది, హెచ్చరిక ‘నిర్ధారించుము’ అంటుంది. యంత్రం ఒక క్షణం చనువుగా, ఒక క్షణం మర్యాదగా, ఇంకో క్షణం పాత పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరన్నా ఇట్లా మాట్లాడితే ఏమైందని అడుగుతాం.

ఇంత స్పష్టంగా కనపడే లోపం ఇన్నేళ్లు మా కంట ఎందుకు పడలేదు? జవాబు తెలుసు, ఒప్పుకోవడమే కష్టం. అనువదించిన మేం తెలుగు తెర వాడలేదు. మా కంప్యూటర్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఫైలు నింపాం, శాతం పెరిగింది, వంద చేరితే సంబరపడ్డాం, ఇంగ్లీషు తెరకు తిరిగి వెళ్లిపోయాం. మేం రాసిన సహాయ పుటను పక్కన పెట్టుకుని, అది చెప్పినట్టే ఒక్కో మీట నొక్కుతూ వెళ్లి ఉంటే మొదటి రోజే తెలిసేది. పీవో ఫైళ్లు నింపే సాధనంలో ఎంత శాతం పూర్తయిందో చూపే పట్టీ ఉంటుంది. ఆ శాతమే మాకు పని అయింది, చదివేవాళ్లు ఆ పట్టీలో ఎక్కడా లేరు.

వరంగల్‌లో ఉండి ఈ మాట చెప్పడానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడాలి. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై ఇవాళ ఎన్‌ఐటీ అయిన చదువుల కేంద్రం ఇక్కడుంది. 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లూ ఇక్కడే, తెలుగు తెలిసినవాళ్లూ ఇక్కడే. రెండింటి మధ్య దూరం ఆటోలో పోయేంత. నర్సంపేట నుంచో, పరకాల నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చి కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చునే పిల్లలూ ఇక్కడే. ఆ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ మీట చూస్తే నీకేమనిపిస్తోంది తల్లీ?’ అని అడగడానికి మాకు విదేశీ నిధులు అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. అడగలేదు. మా మాటల్లో ఏది బాగుందో మాలో మేమే తేల్చుకున్నాం, అదీ తేలలేదు.

ముందు తరాలు ఈ పని చేయలేదా అంటే, చేశాయి. నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. వైద్యం, ఇంజినీరింగ్ ఉర్దూలో చెప్పాలంటే ముందు మాటలు తేలాలి కాబట్టి, శాస్త్రం తెలిసినవారిని, భాష తెలిసినవారిని ఒకే సంఘంలో కూర్చోబెట్టారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. దానికి తొలి అధ్యక్షులు పి.వి. నరసింహారావు. లక్నేపల్లిలో పుట్టి, వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపిన మనిషి. కాలేజీ చదువులు తెలుగులో సాగాలంటే పాఠ్యపుస్తకాలతో పాటు పారిభాషిక పదకోశాలూ కావాలని ఆ అకాడమీ గుర్తించింది, సబ్జెక్టు వారీగా అచ్చేసింది. వాటిలో కొన్ని మాటలు బరువైనవే, మాకు నచ్చనివే. కాని భౌతికశాస్త్రం మొదటి అధ్యాయంలో చదివిన మాటే ఆఖరి అధ్యాయంలోనూ ఉంటుందన్న భరోసా తెలుగు మీడియం ఇంటర్ విద్యార్థికి దొరికింది. ఆ భరోసాను మేం మా వాడుకరికి ఒక్క మెనూ మేరకైనా ఇవ్వలేకపోయాం. పైగా ఆ పదకోశాలను ‘గ్రాంథికం’ అని ఎగతాళి చేసి పక్కన పడేశాం. తెరిచి చూసి కాదు, తెరవకుండానే.

ఇంకొక పుస్తకం గురించి చెప్పకుండా ఉండలేను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాలు 1962లో, చేనేత పదాలు 1971లో వచ్చాయి. రైతుల దగ్గరికి, సాలెల దగ్గరికి మనుషులు వెళ్లి, మగ్గంలో ప్రతి భాగాన్నీ చూపించి, దీన్నేమంటారని అడిగి రాసుకొచ్చారు. ఏ ప్రాంతంలో ఏమంటారో అన్నీ నమోదు చేశారు, దేన్నీ కొట్టేయలేదు. పడుగు ఏది, పేక ఏది అన్న దగ్గర మాత్రం ఆ పుస్తకంలో తికమక ఉండదు. మా వరంగల్ కొత్తవాడలో ఇప్పటికీ దరీలు నేసేవాళ్లున్నారు. ఒక మగ్గం దగ్గర పనిచేసే ఇద్దరు ఒకే పనిముట్టును రెండు పేర్లతో పిలుచుకుంటే పని సాగదు. జిల్లాకో పేరుండవచ్చు, మగ్గానికి ఒకటే. వైవిధ్యం ఎక్కడ ఉండాలో, ఒకే మాట ఎక్కడ కావాలో ఆ పదకోశం చేసినవాళ్లకు తెలుసు. మేం రెండింటినీ కలగాపులగం చేశాం.

అంతటితో ఆగలేదు, ఆ కలగాపులగానికి పెద్దల పేర్లు అడ్డం పెట్టుకున్నాం. ఏ మాట ఉంచుదామని చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కాళోజీని తలచుకునేవారు. జనం మాట్లాడే భాషకు గౌరవం దక్కాలని జీవితమంతా పోరాడిన కాళోజీ. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన పేరు చెప్పి ‘ఎవరి మాట వారిది, ఎవరినీ ఒప్పించవద్దు’ అని లేచిపోయాం. జనం మాటను రాతలోకి తేవాలన్న ఆయన పట్టుదలకు, ఒక ప్రోగ్రాంలో మెనూకి సహాయ పుటకి పొంతన లేకపోవడానికి ఏం సంబంధం? ఏ జనమూ ‘అభీష్టములు’ అని మాట్లాడరు. మా బద్ధకానికి ఆయన పేరు వాడుకోవడం ఆయనకు చేసిన అపచారం.

స్వేచ్ఛ అనే మాటనూ అట్లాగే వాడుకున్నాం. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ప్రాణం ఒకటే: వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చే హక్కు ఉంది కాబట్టి ఎదుటివారి మాటను మార్చాం, వారు మా మాటను మార్చారు. ఆ హక్కు చదివేవాళ్ల కోసం పుట్టింది. మా చేతిలో అది చదివేవాళ్లకు వ్యతిరేకంగా పనిచేసింది. ఉమ్మడి జాబితాలు లేక కాదు. భారతీయ భాషల్లో తరచుగా వచ్చే మెనూ మాటలను తేల్చడానికి రెడ్‌హ్యాట్ 2008లో ఫ్యూయెల్ అనే ప్రయత్నం మొదలుపెట్టింది, అందులో తెలుగూ ఉంది. తెలుగు మాటలు తేల్చుకోవడానికే తెలుగుపదం అనే సైటూ వచ్చింది. జాబితా చేసిన రోజు చప్పట్లు కొట్టి, మర్నాడు పీవో ఫైలు తెరిచినప్పుడు ఆ జాబితా తెరవలేదు.

ఎన్నుకున్న మాట బాగుండకపోతే ఎట్లా, దానికే కట్టుబడి ఉండాలా అన్నది మా పాత వాదన. దీనికి జవాబు మా కళ్లముందే ఉంది. లిపుల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో ఒక అక్షరానికి ఒకసారి పేరు పెట్టాక మార్చరు. ఒక గుర్తు పేరులో బ్రాకెట్ అన్న ఇంగ్లీషు మాట అక్షరాలు తారుమారై నమోదైంది. దాన్ని ఈనాటికీ అట్లాగే ఉంచి, సరైన రూపాన్ని మారుపేరుగా పక్కన చేర్చారు, ఎందుకంటే ఆ పేరును నమ్ముకుని ఎన్నో ప్రోగ్రాములు రాసి ఉన్నాయి. తెలుగు వికీపీడియా వాళ్లు ఇంకొంచెం మెత్తగా చేశారు. ‘సభ్యుడు’ పోయి ‘వాడుకరి’ వచ్చింది, ‘బొమ్మ’ పోయి ‘దస్త్రం’ వచ్చింది. కాని పాత పేరుతో లింకు ఇచ్చినా సరైన పుటకే చేరుస్తుంది. మాట మార్చారు, పాత మాట నేర్చుకున్నవాళ్లను బజారున పడేయలేదు. అదే పని మేం మా సహాయ పుటల్లో చేసి ఉండవచ్చు. మారిన మాట పక్కన పాత మాట, మార్చిన తేదీ, కారణం ఒక వరుసలో. రాయడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు. వాదనకు ఖర్చుపెట్టిన సాయంత్రాలు మాత్రం ఎన్నో.

ఇప్పుడు ఈ తప్పు మా చేతిలో కూడా లేదు. ఓపస్ అని, భాషల మధ్య అనువాదాల జతలను పోగుచేసి అందరికీ ఇచ్చే సంగ్రహం ఒకటుంది. గ్నోమ్, కేడీఈ, ఉబుంటు ఫైళ్ల తెలుగు జతలు అందులో ఉన్నాయి. యంత్రానువాదం నేర్పేవాళ్లు అట్లాంటి సంగ్రహాల నుంచే తీసుకుంటారు. మేం నాలుగు పేర్లు పెట్టిన మీట అక్కడ నాలుగు పేర్లతోనే ఉంది. యంత్రం వాటిని మా దగ్గర నేర్చుకుని, మేం ఎన్నడూ చూడని వెబ్‌సైట్లలో, ఫోన్లలో, ఆసుపత్రి ఫారాల్లో తెలుగుగా రాస్తుంది. పీవో ఫైళ్లు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి, ఎవరైనా సరిచేయవచ్చు. కాని బయటికి వెళ్లిన పాత ప్రతులను వెనక్కి పిలవలేం. అవి మేం రాసినట్టే ఉంటాయి, ‘దాచు’ అన్న మీట నొక్కితే తన పని నిలుస్తుందో, కనపడకుండా పోతుందో ముందుగా తెలియని మనిషి ముందు.