చౌక బండి, మొరం దారి

భిలాయ్‌లోని స్మృతి నగర్‌లో ఉండే మా మిత్రుడి కొడుక్కి ఇరవై రెండేళ్లు. పాత హీరో ఇంపల్స్ బైకు ఒకటి చౌకగా దొరుకుతోందని, ఆదివారాలు మట్టిదారుల్లో తిప్పడానికి కొంటానని పట్టుబట్టాడు. తండ్రి ససేమిరా అన్నాడు. విడివిడిగా ఇద్దరూ నా సలహా అడిగారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు.

కుర్రాడి వాదనకు ఈ నేలే బలం. జున్వానీ దాటి కాస్త లోపలికి వెళితే ఎర్ర మొరం దారులు మొదలవుతాయి. ఇక్కడి రైతులు ‘భాటా’ అని పిలిచే గులకనేల వరికి అంతగా పనికిరాదు కాబట్టి చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. పైగా 2011లో వచ్చి, తర్వాత తయారీ ఆగిపోయిన ఇంపల్స్ ఇలాంటి దారుల కోసమే తయారైన బండి. బరువు సుమారు 134 కిలోలు. అదే 411 సీసీ హిమాలయన్ బైకు అయితే 180 కిలోలు దాటుతుంది. మట్టిలో పడ్డ బండిని ఒంటరిగా లేపాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. కొత్త బండి మీద గీత పడుతుందేమోనన్న భయంతో ఎవరూ సరిగా నేర్చుకోలేరు. పాతదానికి ఆ బెంగ ఉండదు.

అయితే మట్టిలో తిరిగిన బండి ఎంత అలిసిందో పైకి కనిపించదు. ఎయిర్ ఫిల్టర్ పట్టించుకోకపోతే దుమ్ము లోపలికి చేరి పిస్టన్‌ను, సిలిండర్‌ను అరగదీస్తుంది. ఫోర్కు సీళ్లు కారుతుండవచ్చు, రిమ్ము వంగి ఉండవచ్చు, చాసిస్‌కు వెల్డింగ్ చేసి రంగు పూసి ఉండవచ్చు. ఇంజిన్ హీరో హంక్ బైకు కుటుంబానిదే కాబట్టి ఆ సామాను దొరకవచ్చు కానీ, ఇంపల్స్‌కే ప్రత్యేకమైన సస్పెన్షన్, బాడీ భాగాల కోసం తిరగాల్సి వస్తుంది. కొన్నప్పుడు మిగిలిన డబ్బు మెకానిక్ షెడ్డులో ఖర్చయ్యే అవకాశం తక్కువేమీ కాదు.

తండ్రి అసలు భయం మట్టి గురించి కాదు, అక్కడిదాకా వెళ్లే దారి గురించి. అది సబబైన భయమని నాకనిపిస్తుంది. రాయ్‌పూర్-దుర్గ్ రహదారి మీద లారీల మధ్య, గుబ్బల టైర్లు తారును సరిగా పట్టుకోవు. వాన పడి బ్రేకు వేయాల్సి వస్తే మరీ కష్టం. సరదా కోసం కొన్న బండి అసలైన ప్రమాదాన్ని రోడ్డు మీదే తెచ్చిపెట్టవచ్చు.

కాగితాల విషయంలో నేను కొంత కఠినంగానే ఉంటాను. భిలాయ్‌లో స్థిరపడిన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల్లో, ఊళ్లో బావ బండిని ఇక్కడికి తెచ్చుకుని అతని పేరు మీదే నడపడం తప్పుగా అనిపించదు. కానీ 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట వేరు. బండి చేతులు మారినా, ఆర్‌సీలో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడు. మన సరదాకు బావ మూల్యం చెల్లించాల్సి రావచ్చు. వేరే రాష్ట్రపు బండి అయితే ఎన్‌ఓసీ కావాలి. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే ఛత్తీస్‌గఢ్‌లో మళ్లీ రిజిస్టర్ చేయించాలి, పన్నూ కట్టాలి. బీమాను కొన్నవాడి పేరుకు మార్చడానికి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే, చెప్పిన ధర అసలు ధర కాదు.

అలాగని గట్టిగా నిషేధిస్తే సమస్య తీరుతుందా? ఇంట్లో ఒప్పుకోకపోతే కుర్రాడు స్నేహితుడి బండిని, బీమా ఉందో లేదో చూడకుండా, హెల్మెట్ లేకుండా నడపవచ్చు. మన కళ్ల ముందు నడిపేది కనీసం మనకు తెలుస్తుంది.

రైతు వైపు నుంచి చూస్తే మరో సంగతి ఉంది. పొలం గట్టు వరిమడిలో నీరు నిలబెట్టే కట్ట. చక్రం దాన్ని కోసేస్తే నీళ్లు పక్కకు పోతాయి, నష్టం నాట్ల కాలంలో కనిపిస్తుంది. గట్టు తెగ్గొట్టినవాడు అప్పటికి అక్కడ ఉండడు. అందుకే జూన్ నుంచి కోత ముగిసేదాకా పొలాల్లోకి వెళ్లకూడదు. ఆ తర్వాత కూడా ఊళ్లో అడిగి వెళ్లడమే న్యాయం.

ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. ముందు కొనొద్దు. తెలిసినవారి బండి, ఆర్‌సీ, బీమా సరిగా ఉన్నది, నాలుగైదు ఆదివారాలు అడిగి నడిపి చూడమన్నాను. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే, ఛత్తీస్‌గఢ్‌లోనే రిజిస్టరైనది, సైలెన్సర్ మార్చనిది వెతకమన్నాను. పెట్టదలచిన డబ్బులో మూడోవంతు హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు, బ్రేకులకే పక్కన పెట్టాలి. అది కుదరకపోతే కొనడం వాయిదా వేయాలి. ఒంటరిగా అడవివైపు మాత్రం వద్దు.

తండ్రి పూర్తిగా ఒప్పుకోలేదు, కొడుకు పూర్తిగా సంతోషించలేదు. ఇలాంటి నిర్ణయం దగ్గర నిలబడిన ఇతరులకు నా మనవి ఒక్కటే. డబ్బు చేతికిచ్చే ముందు పగటి వెలుగులో చాసిస్ నంబరును ఆర్‌సీతో పోల్చి చూడండి. బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు మీ కళ్లెదుటే పెట్టించుకోండి.