రెండు గొట్టాల పడవా, మూడు గొట్టాల పడవా?

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో కాపురముంటున్న ఒక సోదరి ఇలా రాశారు:

"మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో చక్కని సరస్సు వుంది. వేసవి వచ్చిందంటే ఇక్కడ ఊరంతా నీళ్ల మీదే. పిల్లల పోరు పడలేక ఈ ఏడు పాంటూను పడవ ఒకటి కొందామనుకుంటున్నాం. అబ్బాయికి పదకొండేళ్లు, అమ్మాయికి ఆరు. జూన్‌లో మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఇప్పటికి రెండు పడవలు చూశాం. ఒకటి ఇరవై అడుగులది, రెండు గొట్టాల మీద తేలేది. రెండోది ఇరవైనాలుగు అడుగులది, మూడు గొట్టాలు, పెద్ద ఇంజను, మెత్తని సోఫాలు. ధర మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు. మా వారి మనసు రెండోదాని మీద వుంది. నాకేమో నీళ్లంటే భయం, డబ్బంటే బెంగ. ఏది కొనమంటారు?"

పాంటూను అనగానే మన పాఠకుల్లో కొందరికి అదేదో విదేశీ వింత అనిపించవచ్చు. కాని నరసాపురం రేవులో గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లేవారికి అది చుట్టమే. మనుషులనూ మోటారు బండ్లనూ ఒక్క బల్లమీద చేర్చి దాటించే 'పంటు'ను వాళ్లు రోజూ ఎక్కి దిగుతూనే వుంటారు. అమెరికావారి పాంటూనులో పడవ గుల్లకు బదులు గాలి నింపి మూసిన అల్యూమినియం గొట్టాలుంటాయి. వాటి మీద చదునుగా బల్ల, బల్ల చుట్టూ పిట్టగోడలా కటకటాలు, లోపల కూర్చునే ఆసనాలు, వెనక ఇంజను. అంతే.

ఈ పడవ ఇప్పుడున్న రూపానికి రావడం కూడా మన సోదరి కాపురమున్న రాష్ట్రంలోనే జరిగింది. 1952 ప్రాంతంలో మిన్నెసోటాలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో ఆంబ్రోస్ వీర్స్ అనే రైతు ఇనుప పీపాలను వరసగా అతికించి రెండు బారులు చేసి, వాటి మీద చెక్కబల్ల పరిచాడు. చదునైన బల్ల మామూలు పడవలా పక్కకు వొరిగిపోదని ఆయన ఊహ. ఆ ఊహ నిజమైంది. పది ఎకరాలకు తక్కువ కానివే 11,842 సరస్సులున్న రాష్ట్రంలో అలాంటి పడవకు గిరాకీ లేకపోతేనే ఆశ్చర్యం!

ఇక అసలు సంగతికి వద్దాం. సోఫాల మెత్తదనమూ, రంగూ, పాటల పెట్టె మోతా, వీటిని కాసేపు పక్కన పెట్టండి. పడవను మోసేది గొట్టాలు. అవి ఎంత మోస్తాయో ఇంట్లో కూర్చునే లెక్క కట్టవచ్చు. గొట్టం ఎన్ని లీటర్ల నీటిని పక్కకు నెడితే అన్ని కిలోల బరువు మోస్తుంది. ఇరవై అడుగుల పొడవూ ఇరవై అయిదు అంగుళాల వ్యాసమూ వున్న గొట్టం పూర్తిగా మునిగితే సుమారు 1,900 లీటర్ల నీటిని నెడుతుంది. రెండు గొట్టాలకూ కలిపి 3,800. కాని గొట్టాలు పూర్తిగా మునిగేదాకా బరువెక్కించేవారెవరూ వుండరు గదా! సగం మునగడమే మేలనుకుంటే 1,900 కిలోలు. అందులో పడవ సొంత బరువూ, ఇంజనూ, పెట్రోలూ కలిసి 1,200 కిలోల దాకా తీసుకుంటాయి. మనుషులకు మిగిలేది 700 కిలోలు.

మీరిద్దరూ, పెద్దవాళ్లిద్దరూ, పిల్లలిద్దరూ, పులిహోర డబ్బా, మజ్జిగ సీసాలు, అన్నీ కలిపినా 400 కిలోలు దాటవు. అంటే రెండు గొట్టాల పడవ మీ ఆరుగురినీ హాయిగా మోస్తుంది, ఇంకా చోటు మిగులుతుంది. ఇది పైపై లెక్క మాత్రమే సుమా! మంచి తయారీదారులు పడవ మీద ఒక పలక బిగిస్తారు. ఎంతమంది ఎక్కవచ్చో, మొత్తం ఎంత బరువు వుండవచ్చో దాని మీద రాసి వుంటుంది. ఆ రెండింటిలో ఏది ముందు నిండితే అక్కడ ఆగవలసిందే. ఆ పలక లేని పడవను బేరం కూడా చెయ్యకండి.

మరి మూడో గొట్టం దండగా అంటే, కాదు. పడవ వెనక తాడు కట్టి పిల్లలను రబ్బరు చక్రం మీద లాగాలన్నా, మిల్ లాక్స్ వంటి విశాలమైన సరస్సులో గాలికి లేచే అలల మీద తిరగాలన్నా మూడు గొట్టాలదే నిబ్బరంగా వుంటుంది. పెద్ద ఇంజనును తట్టుకుంటుంది, మలుపులో కుదురుగా తిరుగుతుంది. కాని దాన్ని ఇంటి నుంచి నీటి దాకా లాక్కుపోవడానికి బలమైన బండి కావాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, చలికాలంలో దాచడానికి ఎక్కువ చోటు కావాలి. మీ సరస్సు మీద ఏడాదిలో నాలుగైదు నెలలు మంచే. వాడినా వాడకపోయినా భీమా, దాపుడు అద్దె, ఇంజనును చలికి సిద్ధం చేసే ఖర్చు తప్పవు. పడవ ధరతోనే ఖర్చు తీరిందనుకోవడం, పెళ్లి ఖర్చంటే పందిరి ఖర్చే అనుకోవడం లాంటిది.

మీ వారి మనసు పెద్ద పడవ మీదికి ఎందుకు పోయిందో ఊహించగలను. తెలుగువాళ్లు నాలుగిళ్లు చేరితే పదిహేను మంది అవుతారు. "అందరినీ ఒక్కసారి తిప్పితే ఎంత బాగుంటుంది!" అని వుంటారు. ఆ ముచ్చట మంచిదే. కాని అలాంటి రోజు వేసవిలో ఎన్నిసార్లు వస్తుంది? ఒకటో రెండో. ఆ రోజుకు పెద్ద పడవ అద్దెకు దొరుకుతుంది. ప్రతి ఆదివారమూ ఎక్కేవాళ్లెవరో చూసుకుని వాళ్ల కోసం కొనండి. అప్పుడప్పుడు వచ్చే చుట్టాల కోసం మరో రెండు గదులేసి ఇల్లు కట్టుకుంటామా?

అందుచేత నా సలహా ఇరవై అడుగుల పడవే. అయితే కొనేముందు రెండు రకాలనూ చెరొక పూట అద్దెకు తీసుకుని చూడండి. కొనేటప్పుడు మరో నాలుగు సంగతులు గమనించండి. గొట్టం లోపల విడివిడి అరలున్నాయా? వుంటే ఒకచోట చిల్లిపడినా గొట్టమంతా నీరు నిండదు. కటకటాల తలుపు ఒడ్డు బల్లకు సమంగా వస్తుందా? చీర కుచ్చెళ్లు పట్టుకుని మోకాళ్ల నొప్పితో ఎక్కే అత్తగారికి అది ముఖ్యం. పైన నీడ గుడ్డ వుందా? తడిసినా కాలు జారని నేలేనా? ఇంకో మాట. చిన్న పడవలో మరుగుదొడ్డి వుండదు. పెద్దవాళ్లు మొహమాటపడి చెప్పరు గాని, ఆ ఇబ్బందికి భయపడి మంచినీళ్లు తాగడం మానేస్తారు. గంటన్నరకు మించి ఒక్క విడతలో తిప్పకండి.

నీళ్ల భయం సంగతి రాశారు. అది పిరికితనం కాదు, దాన్ని పోగొట్టుకోకండి. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదతో వున్న రోజున, పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా తిరిగి రాలేదు. అక్కడి నది వేరు, మీ సరస్సు వేరు. కాని "ఈ ఒక్కసారికీ ఏమవుతుందిలే" అనే మాట రెండు చోట్లా ఒక్కటే. అమెరికా తీరరక్షక దళంవారు ఏటేటా ప్రకటించే లెక్కల్లో, విహారపు పడవల ప్రమాదాల్లో నీట మునిగి చనిపోయినవారిలో పదింట ఎనిమిది మందికి పైగా ప్రాణరక్షక జాకెట్టు తొడుక్కోనివారే. జాకెట్టు పడవలో వుంటే చాలదు, ఒంటి మీద వుండాలి.

మిన్నెసోటా చట్టం ప్రకారం పదేళ్ల లోపు పిల్లలు నడుస్తున్న పడవలో జాకెట్టు తొడుక్కునే వుండాలి. మీ అమ్మాయికి చట్టమే చెబుతుంది. మీ అబ్బాయికి పదకొండేళ్లు గనుక అమ్మ చెప్పాలి. ఈత రాని అత్తగారికి చీర మీదే తొడగండి, ఎవరూ నవ్వరు. పిల్లలు తొడుక్కోవాలంటే మీరూ మీ వారూ ముందు తొడుక్కోవాలి. మనం చెప్పినది కాదు, చేసినది చూస్తారు వాళ్లు.

ఇక ముందు తలుపు దాటి, కాళ్లు నీళ్లలోకి వేలాడేసుకుని కూర్చోవడం ఈ పడవల్లో పిల్లలకు మహా సరదా. అదే అన్నిటికన్నా ప్రమాదం. జారితే గొట్టాల నడుమ నుంచి పోయి వెనక ఇంజను రెక్కల కింద పడతారు. పడవ కదులుతున్నంతసేపూ అందరూ కటకటాల లోపలే, ఆసనాల మీదే వుండాలి. ఫోటో కోసమని అందరూ ఒక్కసారి ముందుకు చేరితే ముక్కు కిందికి వంగి అల బల్ల మీదికి వచ్చేస్తుంది. ఇంజను నడుస్తుండగా వెనక మెట్ల దగ్గర పిల్లలను ఆడనివ్వకండి, రెక్కలకు తోడు ఆ పొగ విషం. మే నెలలో పైన ఎండ కాసినా నీళ్లు ఇంకా మంచు చల్లనే అని కూడా మరవకండి.

ఈ కట్టుబాట్లన్నీ వింటే విహారం కాస్తా పరీక్షలా అనిపిస్తుందేమో! రెండు ఆదివారాలు పాటిస్తే అలవాటైపోతాయి, ఆపైన మిగిలేది సంతోషమే. కొత్త పడవకు కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాలని మీ అత్తగారు ఎలాగూ అంటారు. కొట్టించండి. అంతకు ముందే ఆరు జాకెట్లూ ఆరుగురికీ తొడిగి, ఎవరిది ఎవరికి సరిపోయిందో చూసి, పట్టీలు బిగించి వుంచండి.