నాటకశాలయు కడపటి వరుసయు

ఏ కట్టడమునైనను జనులు ముఖద్వారము నెదుట నిలిచి మెచ్చుకొందురు. నాటకశాలను మాత్రము కడపటి వరుసలో కూర్చుండి పరీక్షింపవలయునని నా యభిప్రాయము. ఇందులకు కారణమైన చిన్న సంగతిని ముందుగా మనవి చేసెదను.

కొంతకాలము క్రిందట మా విద్యార్థులు పొరుగు పట్టణమున నొక కల్యాణమండపమునందు నాటిక ప్రదర్శించిరి. మండపము మిక్కిలి విశాలము. నేలయు గోడలును నున్నని రాతితో మెరయుచుండెను. ప్రదర్శనము ముగిసిన పిమ్మట, కొల్లేటి గ్రామమునుండి వచ్చి వెనుక కూర్చుండిన యొక తల్లి నాయొద్దకు వచ్చి, “మాస్టారండీ, ముందోళ్ల తలల సందునించి మా పిల్ల నోరు కదలటం కనబడిందిగాని, ఏం చెప్పిందో ఒక్క ముక్క తెలియలేదండి” అనెను. ఆ బాలిక నెలదినములు అభ్యాసము చేసినది. దోషము బాలికది కాదు, శాలది.

శబ్దము సెకనునకు సుమారు 1,100 అడుగులు పోవును. అది నున్నని గోడకు తగిలి మరలివచ్చి, తరువాతి మాటపై పడి దానిని చెరచును. 1895లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున నొక ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదున్నర సెకనులవరకు మ్రోగుచుండెను. వాలెస్ సాబైన్ అను అధ్యాపకుడు సమీపపు థియేటరునుండి రాత్రివేళల మెత్తలు తెప్పించి పరచి, ఎన్ని మెత్తలకు ఎంత మ్రోత తగ్గునో కొలిచి సూత్రము కనుగొనెను. 1900లో తెరవబడిన బోస్టను సింఫనీ హాలు ఆ సూత్రము ననుసరించి కట్టబడినది.

మన పూర్వులును ఈ విషయమున ఏమరియుండలేదు. భరతుని నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమున, మనుష్యులకు 64 హస్తముల పొడవును 32 హస్తముల వెడల్పును గల మధ్యమశాలయే తగునని చెప్పబడినది. అనగా ఇంచుమించు 96 అడుగులకు 48 అడుగులు. అంతకు మించినచో మాట స్పష్టముగా వినబడదు, ముఖమందలి భావము కనబడదు. ఆసనములు మెట్లవలె నుండవలయును. శాల కొండగుహవలె గాలి చొరకుండ నుండి, కంఠస్వరమునకు గాంభీర్యము నీయవలయును.

హైదరాబాదునందు రవీంద్రుని శతజయంతి సందర్భమున 1961లో తెరవబడిన రవీంద్రభారతి, వాస్తుశిల్పి మహమ్మదు ఫయాజుద్దీను నిర్మించినది, నాట్యసంగీతములకే యేర్పడిన శాల. అట్టివి మన ప్రాంతమున అరుదు. ఏలూరి వై.ఎం.హెచ్.ఏ. హాలు నాటకాభిమానులకు చిరపరిచితమే. అయినను పెక్కు ఊళ్లలో పెండ్లిమండపమే నాటకశాల యగుచున్నది. మండపమైన అద్దె వచ్చును, మైకు పెట్టిన మాట వినబడును గదా యని కొందరందురు. మైకు మాటను పెంచును, దానితోపాటు మ్రోతనుగూడ పెంచును. విందుకు చదునునేల కావలయును. నాటకమునకు వాలునేల కావలయును. ఒక్కనేల రెంటికి నొదుగదు.

పేరుగొప్పవారును దీనికి లోబడవలసినవారే. 1973లో తెరవబడిన సిడ్నీ ఆపెరా హౌసు కప్పును లోకమంతయు కొనియాడెను. అందలి సంగీతశాలలో వినికిడి బాగుగ లేదని ఫిర్యాదులు చిరకాలము వచ్చుచుండగా, దానిని సవరించి 2022లో మరల తెరచిరి.

ఆ 2022లోనే ఏలూరు క్రొత్తజిల్లాకు కేంద్రమైనది. ఇచ్చటగాని తాడేపల్లిగూడెమునగాని ఎప్పుడైనను నాటకశాల కట్టదలచినచో, పెద్దల కొక విన్నపము. గోపురమునకును అద్దములకును వ్యయము చేయుటకు ముందు నేలకు వాలు నిండు. వెనుకగోడకు మ్రోతను పీల్చు కొయ్యపలకలో దళసరి గుడ్డయో తొడుగుడు. వానచప్పుడు లోనికి రాని కప్పును, తమ్మిలేటి వరదకు అందని అరుగును ఉండవలయును. వేషములు వేసికొను బాలికలకు గడియగల గది యుండవలయును. చీర అడ్డుగట్టిన మూల చాలదు.

శాల పూర్తియైన దినమున మైకు లేకుండ ఒక బాలికను రంగముపై నిలిపి మాటలాడింపుడు. కొల్లేటి తల్లి నొకతెను కడపటి వరుసలో కూర్చుండబెట్టుడు. తన బిడ్డ యేమి పలికినదో ఆమె చెప్పగలిగిన పిమ్మటనే ప్రారంభోత్సవము జరుపుడు.